గొట్టంలో పచ్చగా వస్తే

పెనుకొండ కోటలో ఒక బావి ఉందనీ, మంగళవారం పొద్దున అందులో నేను చల్లిన బ్లీచింగ్ పౌడర్ గురువారం మధ్యాహ్నానికి గానీ నీళ్ళను తాకలేదనీ చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్ళున్నారు. ఒకాయన మరీ, బుధవారం నాడు అది ఎక్కడున్నట్టని అడిగాడు. దారిలో ఉందన్నాను. చిలమత్తూరు పక్క ఒక నల్లగొర్రె నేను మందు కలిపిన తొట్టి నీళ్ళు తాగి తెల్లబడిపోయిందనీ, దాని ఆసామి మూడు రోజులు సంతలన్నీ వెతికితే ఆ మూడు రోజులూ గొర్రె అతని వెనకాలే నడిచిందనీ కూడా చెప్పాను. నాకిప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. అడిగితే ఇప్పటికీ చెబుతాను.

అప్పట్లో అవి కాలక్షేపానికి కోసిన కోతలు కావు. కొంతవరకు ఉద్యోగం. అరవైల మొదట్లో నేను హిందూపురంలో ప్రజారోగ్య శాఖలో తాత్కాలికపు హెల్త్ అసిస్టెంటుని. ఒక సైకిలు, ఒక బకెట్టు, పొడవాటి తాడు, మూతబిగించిన డబ్బాలో బ్లీచింగ్ పౌడర్, భుజాన ఖాకీ సంచీ. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మధ్యలో పల్లెలు. ఎక్కడ చెబితే అక్కడికి పోయి బావుల్లో మందు వేయడం నా పని.

మందు వేయడం కష్టం కాదు. పౌడరును బకెట్టులో కొద్ది నీళ్ళు పోసి ముద్దలా కలపాలి. ఇంకొన్ని నీళ్ళు పోసి కాసేపు ఆగితే సున్నం అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్ళను ఇంకో బకెట్టులోకి వొంచి, తాడు కట్టి బావిలోకి దింపి, పైకీ కిందికీ ఆడించాలి. అంతే. కష్టమల్లా బావి దగ్గరికి చేరడమే. ఖాకీ సంచీ కనబడగానే ఆడవాళ్ళు కడవలు అడ్డం పెట్టుకుని నిలబడేవాళ్ళు.

"ఏమప్పా, మా బాయిలో ఏం కలపను వచ్చినావు?"

"అత్తల నోళ్ళు కట్టేసే మందు తల్లీ. కోడండ్లే అర్జీ పెట్టుకున్నారు."

"అట్లయితే రెండు పాళ్ళు వెయ్యప్పా!"

నవ్వినవాళ్ళు కడవ పక్కకు జరిపేవాళ్ళు. తాడు దిగేది. మా ఆఫీసులో మిగతా అసిస్టెంట్లు రోజుకు నాలుగు బావులు చేస్తే నేను ఏడెనిమిది చేసేవాణ్ణి. దానికి కారణం నా కోతలేనని నాకు తెలుసు, మా హెల్త్ ఇన్‌స్పెక్టరుకూ తెలుసు. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. నవ్వడు. నన్ను నవ్వించొద్దనీ అనలేదు.

ఆ ఏడు కామెర్లు పడ్డాయి. ఒక ఊళ్ళో ఇద్దరు, ఇంకో ఊళ్ళో ఐదుగురు, అట్లా మొదలైంది. మా ఇన్‌స్పెక్టరు ఒక పెద్ద కాగితం మీద వీధులన్నీ గీసి, బావులకు సున్నాలు చుట్టి, కళ్ళు పచ్చబడిన మనిషి ఉన్న ప్రతి ఇంటికీ ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టేవాడు. చుక్కలు ఏ సున్నా చుట్టూ మూగుతాయో చూసేవాడు. మేము ఇంటింటికీ పోయి అడిగేవాళ్ళం. ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరు అన్నం వద్దంటున్నారు, ఎవరి మూత్రం ఆవనూనెలాగా వస్తోంది, ఎక్కడి నీళ్ళు తాగుతారు. చాలామంది దాచేవాళ్ళు. పసరు వేయించుకుని పథ్యంలో ఉన్న మనిషి గురించి సర్కారువాళ్ళకు చెబితే పసరు పనిచేయదని వాళ్ళ నమ్మకం.

"జబ్బు మనిషి మలంలో ఉంటుంది," అని ఆయన మాకు చెప్పాడు. "కాలవలోంచి బావిలోకి, బావిలోంచి ఇంకొకరి నోట్లోకి. వైరస్ అంటారు. దీనికి టీకా లేదు, మందు లేదు. మన చేతిలో ఉన్నది బావి ఒక్కటే."

బావి ఒక్కటే అన్నాడు గానీ సూదుల వెంట కూడా పడేవాడు. ఒకరికి పొడిచిన సూది సరిగ్గా ఉడకబెట్టకుండా ఇంకొకరికి పొడిస్తే రక్తంలోంచి వచ్చే కామెర్లు ఇంకోరకం ఉన్నాయని, కాంపౌండర్ల దగ్గరికి పోయి, సూదులు మరిగే గిన్నె ముందు చేతిగడియారం చూసుకుంటూ కూర్చునేవాడు. కాంపౌండర్లకు ఆయనంటే గిట్టదు.

ఇంకొకటి కూడా చెప్పాడు. "కడుపుతో ఉన్నవాళ్ళ ఇళ్ళు ముందు రాసుకోండి. మామూలు మనిషి నెల తిరిగేసరికి లేచి తిరుగుతాడు. గర్భిణీకి వస్తే లేవకపోవచ్చు. బతకకపోవచ్చు."

నేను నోటుబుక్కులో మొట్టమొదట రాసుకున్నది మా అక్క ఇల్లు.

మాది పెనుకొండ. నాయన నూలు మగ్గం మీద పంచెలు నేసేవాడు. అక్కను ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి ఇచ్చారు. పెళ్ళైన ఆరేళ్ళకు ఆమెకు నెల తప్పింది. మూడో నెలలో పుట్టింటికి వచ్చి పది రోజులు ఉంది. ఆ పది రోజుల్లో చివరి ఆదివారం నేను సంచీతో సహా ఇంటికి వెళ్ళాను. మా వీధి బావిలో ఆ పొద్దునే మందు వేశాను.

ఆ సంచీలో ఒక గాజుగొట్టం ఉండేది, పక్కన చిన్న సీసాలో పరీక్ష మందు. బావిలో మందు కలిపి అర్ధగంట ఆగి, నీళ్ళు తోడి గొట్టంలో పోసి, నాలుగు చుక్కల పరీక్ష మందు వేయాలి. నీళ్ళు పచ్చగా మారితే బ్లీచింగ్ పౌడర్ సరిపడా ఉన్నట్టు. అవి తాగొచ్చు. తెల్లగా ఉండిపోతే మందు చాల్లేదని, ఇంకా వేయమని. పచ్చ అంటే మాకు మంచి కబురు. మన మాటల్లో ఆకూ పచ్చే, పసుపూ పచ్చే, కామెర్ల కళ్ళూ పచ్చే. ఆ సంగతి మీద నాకు అంతకుముందు ఎప్పుడూ ధ్యాస పోలేదు.

ఆ రోజు అవ్వ నా సంచీలోంచి గొట్టం తీసి వెలుతురుకు పట్టి చూసింది.

"ఇదేందిరా, ఇంత సన్నంగా ఉండాది. అత్తరు బుడ్డా?"

"కామెర్లను పట్టే గొట్టమవ్వా."

"కామెర్లను యాడ పడతావురా, అదేమన్నా ఎలుకా?"

కడవలోంచి నీళ్ళు ముంచి గొట్టంలో పోసి చుక్కలు వేశాను. నీళ్ళు నిమ్మపండు రంగుకు తిరిగాయి. అవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. గడప మీద కూర్చుని చెనిక్కాయలు వొలుస్తున్న అక్క చేయి ఆగింది.

ఆ రెండు ముఖాలూ చూశాక నేను ఊరుకోలేకపోయాను.

"కామెర్లు నీళ్ళల్లో దొంగ మాదిరి దాక్కోనుంటాయవ్వా. ఎంత తేట నీళ్ళయినా కంటికి కనపడవు. ఈ చుక్క పడితే ఒళ్ళు మండి బయటికి వస్తాయి. పచ్చగా వస్తే ఉన్నట్టు, తెల్లగా ఉంటే లేనట్టు. హిందూపురంలో ఒకాయప్ప హోటల్లో కాఫీకి ఈ పరీక్ష చేస్తిమి. కాఫీ పచ్చబడె. ఆయప్ప ఆ పొద్దే హోటలు మూసేసి కాశీకి పోయె."

"నిజంగానా రా?" అంది అక్క.

"గవర్మెంటు గొట్టమక్కా. అబద్ధం చెప్తాదా?"

"నువ్వు చెప్తావు, గొట్టం చెప్పదులే," అంది. నవ్వింది. కానీ లేచి వెళ్ళి తన చెంబులో నీళ్ళు పారబోసింది. అవ్వ కడవనే వీధిలో కుమ్మరించింది.

మర్నాడు అవ్వ బావికి పోనని మొండికేస్తే ఆమెకు నిజం చెప్పాను. పచ్చగా రావడమే మంచిదని, తెల్లగా ఉంటేనే తాగకూడదని. చీపురు తిరగేసి రెండు వేసింది. అప్పటికి అక్క ఇంట్లో లేదు. బావ వచ్చి పొద్దుటి బండికి ఆమెను ధర్మవరం తీసుకుపోయాడు. ఆమెకు చెప్పలేదన్న సంగతి నాకు తట్టనే లేదు. కోసినవాడికి అది కోత అని తెలుసు గనుక, విన్నవాళ్ళకూ తెలిసే ఉంటుందనుకుంటాడు.

రెండు నెలలకు మా ఇన్‌స్పెక్టరు కాగితం మీద ధర్మవరంలో ఎర్ర చుక్కలు మొదలయ్యాయి. మా అక్క వాళ్ళ వీధిలోనూ రెండు పడ్డాయి. ఇద్దరం మీటరుగేజీ బండిలో వెళ్ళాం. ఆ వీధికి రెండు బావులు. వీధి మొదట్లో మంచినీళ్ళ బావి. వెనక సందులో, అద్దకం షెడ్డు పక్కన ఇంకొకటి. దాన్ని అద్దకం బావి అనేవాళ్ళు. పట్టుపోగుకు రంగు ఎక్కాలంటే మెత్తని నీళ్ళు కావాలి. ఆ బావి నీళ్ళు మెత్తగా, తియ్యగా ఉండేవి. దానికి పదడుగుల్లో ఇళ్ళ వెనక కాలవ పోతుంది.

ఇన్‌స్పెక్టరు రెండు బావుల్లోనూ మందు వేయమన్నాడు. అద్దకం పనివాళ్ళలో పెద్దాయన బావి గట్టు మీద కూర్చుండిపోయాడు. మోచేతుల దాకా ఎరుపు.

"సారూ, నీళ్ళకు మీరు మందు వేసుకోండి. రంగుకు వెయ్యద్దండి. మీ పొడి పడితే ఎరుపు గులాబీ అయితాది. గులాబీ ఏమీ కాకుండా పోతాది. పెండ్లికూతురు పీటల మీద కూచునేలోగా దానిది తెల్లచీర అయితాది."

ఇన్‌స్పెక్టరు ఆయనతో వాదించలేదు. ఒక ఎర్ర పట్టుపోగు అడిగి తీసుకుని, మందునీళ్ళ బకెట్టులో వేసి, నీడలో కూర్చున్నాడు. కాసేపటికి పోగు తీసి ఆరబెట్టి చూశాడు. పాలిపోయింది.

"మీరు చెప్పింది నిజమే," అన్నాడు. తరవాత వీధివాళ్ళందరినీ పిలిచి తీర్పులాగా చెప్పాడు. మంచినీళ్ళ బావిలో మందు వేస్తాం, తాగడానికి అదే. అద్దకం బావిలో వేయం, దాని నీళ్ళు నోట్లో పోసుకోవద్దు. అందరూ తలలూపారు. అంతవరకు అంతా సవ్యంగానే ఉంది.

నేను మంచినీళ్ళ బావిలో మందు కలిపి, అర్ధగంట ఆగి, గట్టు మీద పరీక్ష పెట్టాను. ఆ పరీక్ష అందరూ చూస్తుండగా చేయడం నాకు సరదా. చొక్కా చేతులు మడిచి, గొట్టం పైకెత్తి, చుక్కకు చుక్కకు మధ్య ఆగేవాణ్ణి. ముప్పై మంది ఆడవాళ్ళు చూస్తున్నారు. నీళ్ళు ముద్దబంతి రంగుకు తిరిగాయి. రికార్డు కోసం అద్దకం బావి నీళ్ళు కూడా పరీక్షించమన్నాడు ఇన్‌స్పెక్టరు. అవి అద్దంలాగా తెల్లగా ఉండిపోయాయి.

"పచ్చ వచ్చిందా?" అని అడిగాడు.

"బాగా వచ్చింది సార్."

"అదీ?"

"అది తెల్లగానే ఉంది."

"సరే," అని రాసుకున్నాడు.

అంతే మేం మాట్లాడుకున్నది. ముప్పై మందీ విన్నారు.

మధ్యాహ్నం అక్క ఇంట్లో భోంచేశాను. ఆమెకు ఐదో నెల. గుంతమగ్గం పక్కన పీట వేసి సంగటి పెట్టింది. బావ మగ్గంలోంచే పలకరించాడు.

"మా బామ్మర్ది వచ్చినాడు, ఈ పొద్దు మగ్గం సాగదు. యాడ పోయినా నీ గొట్టం మాటేనంట గదబ్బా."

"పచ్చగా వచ్చిందంట గదరా?" అంది అక్క.

"ముద్దబంతి మాదిరి వచ్చిందక్కా."

"అయ్యో," అంది. మందు వాసన గురించి బాధపడుతోందనుకున్నాను. కొత్తగా మందు వేసిన నీళ్ళు రెండు రోజులు వాసన వస్తాయి. అందరూ అంటారు.

"అలవాటైపోతాదిలే," అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. ఏదో అడగబోయింది. ఇంతలో వాళ్ళ అత్త మజ్జిగ తెచ్చింది. నేను తిని, చేయి కడుక్కుని, బండి వేళైందని లేచాను.

ఆ తరవాత ఏడు వారాలు నేను హిందూపురంలో ఉండిపోయాను. బెల్లం మండీల వెనక వీధుల్లో కామెర్లు పడ్డాయి. రోజూ బావులు, రోజూ కోతలు. ధర్మవరం సంగతి ఇన్‌స్పెక్టరు చూసుకుంటున్నాడు. ఒకరోజు ఆఫీసులో కాగితం బల్ల మీద పరచుకుని ఉన్నాడు. మా అక్క వాళ్ళ వీధి చుట్టూ ఎర్ర చుక్కలు ఎక్కువయ్యాయి.

"ఇది అర్థం కావడం లేదు," అన్నాడు. "మందు వేసిన బావి. ప్రతి వారం వేయిస్తున్నాను. పరీక్షలో పచ్చ వస్తోంది. అయినా ఇక్కడే పెరుగుతోంది. ఇంటింటికీ పోయి అడిగాను, మంచినీళ్ళ బావేనా అమ్మా అని. మంచి బావే సారూ, అంటున్నారు."

"అట్లయితే ఇంకేదో ఉంది సార్," అన్నాను. ఏమిటో నాకు తోచలేదు. అక్కకు ఒక కార్డు రాశాను, నీళ్ళు కాచి తాగమని. కాచి తాగమని అందరికీ చెబుతాం. అంత వంటచెరుకు ఎక్కడిదని మేం అడగం, వాళ్ళు కాచరు.

ధర్మవరం నుంచి చీరల మూట తెచ్చుకుని హిందూపురంలో అమ్మే ఒకాయన మా ఆఫీసు ముందు ఆగి చెప్పాడు.

"ఏమబ్బా, మీ యక్కకు కండ్లు పచ్చబడినాయంట. నాలుగు దినాలాయె. నీకు కబురు రాలేదా?"

రాలేదన్నాను. డబ్బా మూత బిగించి, సంచీ బల్ల మీద పెట్టి, స్టేషనుకు వెళ్ళాను. బండి మధ్యాహ్నం ధర్మవరం చేరింది. ఇంటికి వెళ్ళేసరికి అక్క మగ్గం గదిలోనే నులకమంచం మీద పడుకుని ఉంది. మగ్గం మీద సగం చీర. కళ్ళు, గోళ్ళు, అరచేతులు పచ్చగా ఉన్నాయి. పొట్ట ఎత్తుగా తెలుస్తోంది.

"వచ్చినావా రా," అంది. "నేను జాగర్తగానే ఉండాను. ఎట్ల వచ్చెనో ఏమో. ఆ బాయి నీళ్ళు ఒక్క చుక్క ముట్టలే."

"ఏ బాయి?"

"అదే, నీ గొట్టంలో పచ్చగా వచ్చిన బాయి. మా ఈదంతా చెప్పినా, మా తమ్ముడు గవర్మెంటోడు, వాడే చెప్పినాడని. అందరమూ అద్దకం బాయి నీళ్ళే తెచ్చుకుంటాండాము. అది తెల్లగా వచ్చె కదా. ఇప్పుడు దాన్నే మంచి బాయి అంటాండారు మా ఈదిలో."

నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. ఆ నిమిషంలో ఏదో అనిపించి ఉండాలని తరవాత చాలాసార్లు వెతికాను. ఏమీ లేదు. కాళ్ళు ఉన్నాయి, నేల ఉంది.

"ఇన్‌స్పెక్టరు తాగొద్దని చెప్పినాడు కదక్కా, అద్దకం బావి."

"చెప్పె. ఆయప్ప రంగు సంగతి చెప్తాండాడనుకుంటిమి. అయినా ఆయప్ప చెప్తే ఏం, నువ్వు మా ఇంటోనివి."

ఇన్‌స్పెక్టరు ఆ రోజు ధర్మవరంలోనే ఉన్నాడు. ఆసుపత్రి వరండాలో బల్ల వేసుకుని పేర్లు రాసుకుంటున్నాడు. ఆయన ముందు నిలబడి చెప్పాను.

"సార్, ఆ వీధిలో మంచి బావి అంటే అద్దకం బావి."

"ఎందుకలా?"

"గొట్టంలో తెల్లగా వచ్చింది కనుక. పచ్చగా వస్తే కామెర్లున్నట్టు అనుకుంటున్నారు."

"ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"నేనే సార్. మా ఇంట్లో, నవ్వులాటకి. మా అక్క విన్నది."

ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. నన్ను తిట్టలేదు. "మీ అక్కగారు ఎన్నో నెల?" అన్నాడు.

"ఏడు."

"ఆమెను ఇక్కడికి తీసుకురా. నేను బావి దగ్గరికి పోతాను."

నేను అక్కను బండి కట్టించి ఆసుపత్రికి తెచ్చేలోగా ఆయన వీధిలో మనుషుల్ని కూడగట్టాడని తరవాత విన్నాను. గొట్టం చూపించి, పచ్చ వస్తే తాగాలి, తెల్లగా ఉంటే తాగకూడదు అని చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా, ఒక్కొక్కరినీ పిలిచి, ఇప్పుడు మీరు నాకు చెప్పండి అని వాళ్ళ నోటితో చెప్పించుకున్నాడు. అప్పటి నుంచి ఆయన ఎక్కడ పరీక్ష పెట్టినా అట్లాగే చేసేవాడు. మా అందరితోనూ చేయించేవాడు. వాళ్ళ నోటితో చెప్పించుకోకుండా గొట్టం సంచీలో పెట్టకూడదు.

అద్దకం బావిలో మందు వేయాలన్నాడు. బావి గట్టు మీద కూర్చునే పెద్దాయన ఈసారి లేచి పక్కకు నిలబడ్డాడు.

"పొయ్యండి సార్," అన్నాడట. "చీరలు తరవాత."

నెల రోజులు అద్దకం పనివాళ్ళు ఊరి బయట తోట బావి నుంచి బండి మీద నీళ్ళు తెచ్చుకున్నారు. వెనక కాలవను రాళ్ళు పరిచి దూరంగా మళ్ళించారు. ఇంకో నెలా నెలన్నర పాటు కొత్త చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఒంట్లోకి పోయిన జబ్బు బయటపడటానికి అన్నాళ్ళు పడుతుందని ఇన్‌స్పెక్టరు ముందే చెప్పాడు. ఆ తరవాత పడలేదు.

అక్క ఆసుపత్రిలో ఐదు రోజులు ఉంది. మొదటి రెండు రోజులు మాట్లాడింది. మగ్గం మీద చీర ఎవరు నేస్తున్నారని, అవ్వ వస్తుందా అని. ఒకసారి, "రేయ్, కాశీకి పోయిన ఆ కాఫీ ఆయప్ప తిరిగొచ్చినాడా?" అని అడిగింది. వచ్చాడన్నాను. మూడో రోజు నన్ను బావ అనుకుంది. నాలుగో రోజు ఎవరినీ ఏమీ అనుకోలేదు. ఆ మధ్యాహ్నం బిడ్డ పుట్టి పోయింది. ఆడపిల్ల. ఐదో రోజు పొద్దున, నర్సు దుప్పటి మార్చి వెళ్ళాక, అక్క పోయింది. నేను కిటికీ దగ్గర నిలబడి ఆసుపత్రి బావి చూస్తున్నాను. దాని చప్టా పగిలి ఉంది, రిపేరు రాయాలనుకున్నాను. బావ వచ్చి నా భుజం తట్టాడు.

ఏడవలేదు. చాలామంది ఏడ్చారు. నేను బండి మాట్లాడాను, కట్టెలు మాట్లాడాను.

పదకొండో రోజు అమ్మానాయనలతో పాటు అవ్వ కూడా ధర్మవరం వచ్చింది. భోజనాలు అయ్యాక చుట్టుపక్కల ఆడవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. మాట బావి మీదికి పోయింది. గొట్టం సంగతి అప్పటికి అందరూ సరిగ్గా నేర్చుకున్నారు. పచ్చ వస్తే మంచిది, తెలుపు చెడ్డది. ఒకామె అంది:

"మరి ఆయమ్మ మాకు తిరగేసి యాల చెప్పెనో. పచ్చ చెడ్డదనె గదా."

అక్క అత్త నా వైపు చూసింది. ఆమె మంచి మనిషి. ఆ అయిదు రోజులూ ఆసుపత్రిలో నేల మీద పడుకుంది.

"ఈ పిల్లోడు సరిగ్గానే చెప్పింటాడు," అంది. "గవర్మెంటు పని చేసేటోనికి తెలీదా? అదే పిచ్చిది. ఒకటి చెప్తే ఒకటి ఇనింటాది. ఇన్నది నలుగురికీ చెప్పె. దాని మాటే దాన్ని తీసకపోయె. ఏం నాయనా, అంతే గదా?"

బావ తల ఎత్తి నన్ను చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. జవాబు కావాలి, అంతే. అవ్వ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఆ ఆదివారం మా ఇంట్లో ఆ మాటలు జరిగినప్పుడు ఉన్నది ముగ్గురం. ఒకరు లేరు. అవ్వ నన్ను చూడలేదు, చేతిలో చెంబును చూస్తోంది.

నేను అవుననలేదు. కాదనీ అనలేదు. తల కిందికి దించాను. అది చాలింది వాళ్ళకు. ఎవరో మజ్జిగ ఇచ్చారు, తాగాను. మాట ఇంకో దాని మీదికి పోయింది.

సాయంత్రం బండికి అందరం పెనుకొండ వచ్చేశాం. అవ్వ దారిలో ఏమీ అడగలేదు. ఆ తరవాత పన్నెండేళ్ళు బతికింది, అప్పుడూ అడగలేదు. నేను సోమవారం నుంచి డ్యూటీకి వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు ఆ వీధి రిపోర్టులో 'పరీక్ష అర్థం గురించి ప్రజల్లో అపోహ' అని రాశాడు. ఎవరి వల్ల అన్నది రాయలేదు. ఎందుకు రాయలేదో నేను అడగలేదు.

బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు కొడుకులు. నేను అప్పుడప్పుడు వెళతాను, మర్యాదగా చూస్తారు. ఆ వీధిలోకి కుళాయి వచ్చింది. ముసలివాళ్ళు ఎప్పుడన్నా ఆ కామెర్ల మాట వస్తే ఇప్పటికీ అంటారు, పాపం మంచి పిల్లే గాని మాట తిరగేసి విన్నది, ఈదికంతా తిరగేసి చెప్పె అని. నా ముందే అంటారు. నన్ను నొప్పించకుండా మెల్లగా అంటారు.

ఆమె తిరగేసి వినలేదు. నేను ఎట్లా చెప్పానో అట్లాగే విన్నది, ఒక్క మాట మార్చకుండా అట్లాగే చెప్పింది.